ఏ నల్లి? ఏ దోమ? ముందు అది తేల్చాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మిరప ఆకు ముడుచుకోగానే రైతు పురుగుమందుల దుకాణానికి వెళ్లి 'ముడతకి మందివ్వండి' అంటున్నాడు. ఏ ముడత అని అక్కడ అడిగేవాళ్లు తక్కువ. ఆకు అంచులు పైకి లేచి దోనెలా అయితే అది పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు కాడ సాగితే అది కిందిముడత, తెల్లనల్లి పని. తామర పురుగు కీటకం. తెల్లనల్లి అసలు కీటకం కాదు, సాలీడు కోవకి చెందిన జీవి. రసం పీల్చే కీటకాలకి వాడే ఇమిడాక్లోప్రిడ్ అనే మందు నల్లిని చంపదు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే రకం పురుగుమందులు కొడితే నల్లిని తినే మిత్రజీవులు చచ్చి, నల్లి మరింత రేగుతుంది. లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చాలే చోట వేలకి వేలు పోస్తున్నారు.

చిక్కు మన పేర్లలోనే ఉంది. మంచంలో నల్లి, పిండినల్లి కీటకాలే. ఎర్రనల్లి, తెల్లనల్లి కావు. దోమ సంగతీ అంతే. మనల్ని కుట్టే దోమకి ఒకే జత రెక్కలు, అది డిప్టెరా వర్గం. తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ సూదిలాంటి నోటితో రసం పీల్చే హెమిప్టెరా వర్గం. వరిలో అసలు దోమకి దగ్గరి చుట్టం ఉల్లికోడు. పేరులో మాత్రం దోమ లేదు! ఇక 'పురుగు' అనే మాటలో లద్దె పురుగూ తామర పురుగూ అక్షింతల పురుగూ అన్నీ ఇమిడిపోతాయి.

వర్గం తెలిస్తే నోరు తెలుస్తుంది, నోరు తెలిస్తే మందు తెలుస్తుంది. లద్దె పురుగు దవడలతో ఆకుని కొరికి తింటుంది కాబట్టి ఆకు మీద పడిన మందు దాని కడుపులోకి పోతుంది. సుడిదోమ ఆకుని కొరకదు, వరి దుబ్బు మొదట్లో కూర్చుని రసం లాగుతుంది. పైపైన ఆకులు తడిపితే దానికి తగలదు. అందుకే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమనేది, మందు మొదళ్లకి తగిలేలా కొట్టమనేది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలిచే పురుగుల కోసం వచ్చింది. పచ్చదోమ, తెల్లదోమలని అది ఆపదు.

నోటి తర్వాత చూడాల్సింది దశ. సుడిదోమకి బుప్రొఫెజిన్ అనే మందు లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్లు వాడతారు. అది పిల్ల పురుగు కుబుసం విడిచేటప్పుడు కొత్త చర్మం ఏర్పడకుండా అడ్డుకుంటుంది. రెక్కలొచ్చిన పురుగు ఇక కుబుసం విడవదు కనుక వెంటనే చావదు. రెండో రోజుకి పెద్ద పురుగులు కనబడగానే 'మందు పనిచేయలేదు' అనుకుని పైరిథ్రాయిడ్ కలిపి కొడతారు. సుడిదోమ ఉధృతి తిరగబెట్టేది చాలాసార్లు అప్పుడే.

తామర పురుగుది ఇంకో దారి. గుడ్లు ఆకు కండలోపల పెడుతుంది. మొదటి రెండు పిల్ల దశలు తింటాయి. ఆ తర్వాతి రెండు దశలు ఏమీ తినవు, ఎక్కువగా నేలలో ఉంటాయి. ఒక్కసారి పిచికారీ చేస్తే ఆకు లోపలి గుడ్లూ మట్టిలోని ఆ తినని దశలూ (కోశస్థ దశ) మిగిలిపోతాయి. 2021లో మిరప పూతని ఊడ్చేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లోనే దాక్కునేది. పువ్వుని తెల్లకాగితం మీద తట్టి చూడండి: మిల్లీమీటరు పొడవున నల్లని నూగులాంటివి కదులుతాయి. భూతద్దంలో రెక్కల అంచున ఈకలా వెంట్రుకల కుచ్చు కనిపిస్తే అది తామర పురుగే. పొలంలో పెట్టాల్సినవి నీలం రంగు జిగురు అట్టలు, పసుపువి తెల్లదోమకి.

అన్నిటికంటే బాధ కలిగించేది అక్షింతల పురుగు పిల్లని చంపుకోవడం. అది తల్లిలా గుండ్రంగా ఉండదు. నల్లగా, కోలగా, వీపు మీద నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. కొత్త పురుగేదో వచ్చిందని హడలి మందు కొట్టేస్తారు. తిరగేసి చూస్తే ముందు భాగాన మూడు జతల కాళ్లే ఉంటాయి. లద్దె పురుగుకి అవి కాక పొట్ట కింద మెత్తటి కండకాళ్లు కూడా ఉంటాయి. ఆ పిల్ల తినేది పైరు రసం పీల్చే పేనుబంకని.

ఆంధ్రప్రదేశ్‌లోని రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలోని రైతు వేదికల్లో పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, ఆ ప్రాంతపు పంటల పురుగుల అన్ని దశల నమూనాల పెట్టె తప్పనిసరిగా ఉండాలని రెండు ప్రభుత్వాల వ్యవసాయ శాఖలని కోరుతున్నాను. మందు అమ్మే దుకాణదారు బిల్లు మీద ఏ పురుగుకి, ఏ దశకి ఇస్తున్నదీ రాయాలి. మీ వ్యవసాయ పేజీకీ ఒక విన్నపం. 'దోమ నివారణకి' అని మాత్రమే అచ్చువేయకండి. ఏ దోమో, ఎక్కడ కూర్చుంటుందో, మందు ఏ దశని చంపుతుందో ఒక్క వాక్యం కలపండి. పక్కన పురుగు పిల్ల దశ బొమ్మ కూడా వేయండి, తల్లి పురుగు బొమ్మ ఒక్కటే చాలదు.

ఇట్లు,
ఒక కీటకశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు జిల్లా