రావులపాలెంలో మైలురాయి కడిగిన పెద్దాయనకు

అయ్యా, మీ పేరు నాకు తెలియదు. సైకిల్ మీద వచ్చి, కొబ్బరిపీచుతో నాచు రుద్ది, సున్నం వేసి వెళ్లారని టీకొట్టు అబ్బాయి చెప్పాడు. మద్రాసు–కలకత్తా పాత ట్రంకు రోడ్డు రాయి అది. 2010లో నంబర్లు మారి 5వ నంబరు హైవే 16 అయింది గానీ, మా ఇంట్లో ఇప్పటికీ ట్రంకు రోడ్డే. అరటిగెలల బండి తోలుకొస్తూ మా తాతయ్య ఎడ్లకు నీళ్లు పెట్టింది ఈ రాయి పక్కనే. పోస్టర్ల కింద, పిచ్చిమొక్కల్లో పడిపోతే నేనే మరిచిపోయాను. అంకెలు ఎంత ఓపిగ్గా దిద్దారండీ! జారిన నల్లరంగు చుక్కని కూడా గోటితో గీకేసిన గుర్తుంది. నిన్న మా అమ్మాయి దాన్ని చేత్తో తడిమి చూసింది. మీకు చేతులెత్తి నమస్కారం. సిద్ధాంతం వంతెన వైపు ఇంకో రాయి సగం మట్టిలో ఉంది. మీరు వెళ్లే రోజు టీకొట్టులో చెప్పండి, పార పట్టుకుని నేనూ వస్తాను.