కోరాపుట్ చలి వెనుక కొండలు

సంపాదకులకు,

అయ్యా,

చలికాలం రాగానే కోరాపుట్ ఉష్ణోగ్రతను వింతగా ప్రచురిస్తున్న పత్రికల్లో, దానికి కారణమైన కొండల గురించి ఒక్క వాక్యమైనా కనిపించకపోవడం ఇక్కడి తెలుగువాడిగా నాకు బాధ కలిగిస్తోంది. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది కనుక, ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్, తీరాన ఉన్న విశాఖపట్నం కన్నా చల్లగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. అయితే, మబ్బులేని రాత్రుల్లో వాలు మీద చల్లబడిన బరువైన గాలి లోయలోకి జారి నిలిచిపోవడం వల్ల, ఒక్కోసారి కొండ మీదకన్నా దిగువ పొలాల్లోనే చలి, పొగమంచు ఎక్కువగా ఉంటాయి. ఈ సంగతి మా రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వర్షం తీరు వేరు. పశ్చిమ కనుమలు గోడలా నిలిచి అరేబియా సముద్రపు గాలులను అడ్డుకుంటే, 1,672 మీటర్ల దేవమాలి వంటి శిఖరాలున్నా మన తూర్పు కనుమలను నదులు అక్కడక్కడా తెంచేశాయి కనుక, బంగాళాఖాతపు వాయుగుండాలు లోపలి జిల్లాలకూ వానను మోసుకొస్తాయి.

ఉష్ణోగ్రతల పట్టికలో ప్రతి ఊరి పక్కన దాని ఎత్తును కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా.