మా పెద్దమ్మమ్మ శవ పంచనామా ఏ రాష్ట్రంలో ఉన్నట్టు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి నమస్కరించి వ్రాయునది. తమకు నేను వ్రాస్తున్న ఐదవ ఉత్తరం ఇది. మొదటి నాలుగూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అవి అందినట్టు రసీదులు నా దగ్గర ఉన్నాయి, జవాబులు మాత్రం లేవు. అందుచేత ఈసారి నలుగురూ చదివేటట్టు వ్రాస్తున్నాను. విషయం తమకు తెలిసినదే కనుక క్లుప్తంగానే చెబుతాను. 1936 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళో ఒక అద్దె ఇంటి పెరటి బావిలో శవమై తేలిన మా పెద్దమ్మమ్మకు, అంటే మా అమ్మమ్మ అక్కగారికి, ఆనాడు పోలీసులు జరిపిన శవ పంచనామా నకలు ఇప్పించమని అడుగుతున్నాను. ఆ ఒక్క కాగితం కోసమే ఆరేళ్ళుగా తిరుగుతున్నాను.

ఆమె పేరున్న తార కాదు. తొలి తెలుగు టాకీ 1932లో బొంబాయిలో తయారైన తరువాత, కలకత్తాలోనూ తెలుగు పౌరాణికాలు తీస్తున్న రోజుల్లో, ఇక్కడి చిన్న రైలెక్కి నౌపడా వెళ్ళి అక్కడి నుంచి హౌరా చేరి, రెండు చిత్రాల్లో చెలికత్తె వేషం వేసింది. వేషం వేసినవారే పాడుకోవలసిన కాలం కనుక, ఆమె గొంతు విని తీసుకున్నారట. చెలికత్తెల పేర్లు తెర మీద వేసేవారు కారు. తొలి టాకీలలో చాలా వాటి ప్రింట్లే మిగలనప్పుడు చెలికత్తె గొంతు ఎక్కడ దొరుకుతుంది? అందుకే బొమ్మ కావాలని తమను అడగడం లేదు, అంత ఆశ నాకు లేదు. కాగితం మాత్రమే అడుగుతున్నాను.

నీళ్ళు తోడబోయి కాలుజారి పడిందని తేల్చారు. మా అమ్మమ్మకు అప్పుడు పదకొండేళ్ళు. శవాన్ని పైకి తీసినప్పుడు ఆమె అక్కడే ఉంది. చేద వంటింటి గోడ మేకుకు వేలాడుతూనే ఉందని, తాడు పొడిగా ఉందని, అక్క మెడలోని కాసులపేరు లేదని చనిపోయే దాకా చెబుతూనే ఉంది. పొడి చేదతో నీళ్ళెలా తోడతారని ఆనాడు అడిగినవారున్నారో లేదో, పంచనామాకు సాక్షులుగా పిలిచిన పంచాయతీదార్ల చేత ఆ మాట వ్రాయించారో లేదో, ఆ కాగితం చూస్తే తెలుస్తుంది. ఊరు మాత్రం కాగితం చూడకుండానే తేల్చేసింది: సినిమాలో వేషం కట్టిన ఆడది, సిగ్గుపడి దూకి ఉంటుందని. కిందటేడు ఒక గుమాస్తా గారు కూడా అదే చిరునవ్వుతో, "సినిమా మనిషి కదమ్మా, ఇంకా ఎందుకు తవ్వుతారు?" అన్నారు. తొంభై ఏళ్ళైనా ఆ నవ్వు మారలేదు.

ఇక నా తిరుగుడు సంగతి. ఆమె చనిపోయిన నాటికి మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాదే ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, ఊరు ఇటు వచ్చింది, పల్లెలు కొన్ని అటు ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా కిందికి వెళ్ళాయి. ఇటు వచ్చిన ఊరు గంజాం జిల్లాలోనే ఉండి, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా అయింది. ఈ చరిత్రంతా నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, కార్యాలయాల వరండాల్లో నిలబడి నేర్చుకున్నాను. మొదటి కార్యాలయం వారు, అది ఒరిస్సా పుట్టకముందు సంగతి కనుక మద్రాసు వాళ్ళను అడగమన్నారు. అక్కడివారు, ఊరు మీకే వచ్చింది కనుక కాగితాలూ మీకే వచ్చి ఉంటాయన్నారు. మూడోవారు సరిహద్దుకు అవతల వెతకమన్నారు. అవతలివారు, ఆ ఊరు మాది కాదు కదా అని నవ్వారు. అయిదోవారు, జిల్లా విడిపోయినప్పుడు పాత బీరువాలు కొత్త జిల్లాకు పంపించామన్నారు. కొత్త జిల్లావారు, బీరువాలు వచ్చాయి గాని తాళాలు రాలేదన్నారు. ఇది నేను కల్పించిన మాట కాదు, నా ఎదుట అన్నది. మంత్రి గారూ, మా పెద్దమ్మమ్మ తప్పు నాకిప్పుడు అర్థమైంది. ఆమె చనిపోవడానికి ఇంకో రెండు నెలలు ఆగి ఉండవలసింది.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగాను. కాగితం తమ దగ్గర లేకపోతే దరఖాస్తును అది ఉన్న కార్యాలయానికి అయిదు రోజుల్లోగా వారే పంపాలని 6(3) సెక్షను చెబుతోంది. నా దరఖాస్తును నాకే తిప్పి పంపారు. మన రాష్ట్రపు ఫారం-ఎ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి మళ్ళీ పంపితే, సంబంధిత వ్యక్తి అంగీకారం జతపరచలేదని వ్రాశారు. సంబంధిత వ్యక్తి బావిలో ఉన్నారని జవాబు వ్రాసి చించేశాను. ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు, సమాచారం ఇవ్వనక్కరలేదనే మినహాయింపులు చాలావరకు వర్తించవని అదే చట్టం 8(3)లో ఉంది, ఇవి దాదాపు తొంభై ఏళ్ళ నాటివి. ఒకసారి తెలుగులో అర్జీ ఇస్తే, ఇక్కడ తెలుగు చెల్లదన్నారు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణంలో ఉన్నట్టు నేను బడిలో పిల్లలకు పాఠం చెప్పినదాన్నే.

మా తమ్ముడి కొడుకు ఒకనాడు తెల్మా టాడ్ అనే అమెరికా నటి సంగతి చెప్పాడు. 1935 డిసెంబరు 16న, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, గ్యారేజీలో నిలిపిన కారులో ఆమె శవమై కనిపించింది. కారు వదిలే విషవాయువు వల్ల జరిగిన ప్రమాదమని తేల్చారు, నమ్మనివారు నేటికీ వాదిస్తూనే ఉన్నారు. మా పెద్దమ్మమ్మ పోయింది ఆ తరువాత రెండు నెలలకు. అక్కడ విచారణలో ఎవరు ఏమన్నారో తెలుసు కనుక వాదించుకోగలుగుతున్నారు. మాకు వాదించుకోవడానికి పొడి తాడు ఒక్కటే మిగిలింది, అదీ మా అమ్మమ్మ మాటల్లో.

ఇన్నేళ్ళకు ఎవరినో పట్టుకుని శిక్షించమని నేను అడగడం లేదు, వారూ పోయే ఉంటారు. దయచేసి ఆ కాగితం వెతికించండి. ఉంటే నకలు ఇప్పించండి. చెదలు తినేసి ఉంటే తినేశాయని, తగలబెట్టి ఉంటే ఏ సంవత్సరం ఏ ఉత్తర్వు ప్రకారం తగలబెట్టారో వ్రాతపూర్వకంగా తెలియజేయండి. అదీ కుదరకపోతే, 1936 ఫిబ్రవరిలో పర్లాకిమిడిలో చనిపోయినవారు ఏ రాష్ట్రం మనుషులో ఆ సంగతి అయినా తేల్చండి. తాళాలు లేని ఆ బీరువాలు పగలగొట్టడానికి ఖర్చవుతుందంటే నా పెన్షనులోంచి ఇస్తాను.

జవాబు తెలుగులో ఉండాలని నేను పట్టుబట్టను. ఒడియాలో వ్రాసినా చదువుకోగలను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి