సోమవారం నుంచి గాజువాక క్యారేజీలు పదకొండింటికే బయల్దేరతాయి

విశాఖలో షీలానగర్, గాజువాక వైపు క్యారేజీ కట్టించుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. ఈ మూడు వారాల్లో మీకు భోజనం ఒంటిగంటకి అందింది తక్కువ, రెండింటికి అందిందే ఎక్కువ. క్యారేజీలు తెచ్చే కుర్రాళ్లు టీకొట్టు దగ్గర కూర్చుంటున్నారేమోనని నేనూ అనుమానపడ్డాను. అందుకే మొన్న మంగళవారం కంచరపాలెం నుంచి బండి నేనే తీశాను.

ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఫ్లైఓవర్ ఎక్కితే రెండు నిమిషాల్లో దాటేశాను. దాని పుణ్యం దానిది. దిగాక మొదలైంది. పోర్టు లారీ, స్టీలు ట్రైలరు, సిటీ బస్సు, ఎయిర్‌పోర్టు కారు, అందరికీ ఆ హైవే ఒక్కటే. అనకాపల్లి నుంచి పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు లైన్ల బైపాస్ పడింది, ఊరు దాటిపోయే లారీలు అటు పోతాయి, సరే. పోర్టుకే వచ్చేవి ఎటు పోతాయి? బ్రేకు మీద బ్రేకు వేసి షీలానగర్ చేరేసరికి గిన్నె క్లిప్పు ఊడి సాంబారు నా ప్యాంటు మీదకి కారింది. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. కుర్రాళ్లకి ఆ సాయంత్రమే సారీ చెప్పాను.

వంటలో సాయం చేసే అక్కది ఇంకో బాధ. అనకాపల్లి నుంచి పాసింజర్‌లో వస్తుంది. విజయవాడ నుంచి హౌరా వైపు పోయే బళ్లు మన స్టేషన్లో ఇంజను మార్చుకుని వచ్చినవైపే వెనక్కి పోవాలి కదా, ప్లాట్‌ఫాం ఖాళీ అయ్యేదాకా ఆవిడ బండి సింహాచలం దగ్గర నిలబడుతుంది. ఇక్కడ పప్పు పొయ్యెక్కదు. విశాఖకి రైల్వే జోన్ 2019లో ప్రకటించారు, ఆఫీసుకి శంకుస్థాపన 2025 జనవరిలో అయింది. మాకు కావాల్సింది సిగ్నల్.

మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లట, స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది లైను ఈ హైవే మీదే. రావాల్సిందే. కానీ స్తంభాలు వేసినన్నాళ్లూ మన క్యారేజీ గతేమిటో! పెందుర్తి రోడ్డులో బస్సులకని మధ్యలో లైన్లు కట్టారు, నాకు కనబడేవి కార్లూ ఆటోలే. వాటిలో బస్సుల్నే పోనిస్తే సగం బళ్లు ఇంట్లోనే ఉంటాయని నా నమ్మకం.

రేటు పెంచట్లేదు. కూర్మన్నపాలెం ఆర్డర్లు మాత్రం ఆపేస్తున్నాను, మిగిలిన అడ్వాన్సు ఫోన్‌పేలో వేసేస్తాను. పెరుగు దారిలోనే పులిసిపోతోంది, బదులు చల్లమిరపకాయలు పెడతాను. వద్దనుకుంటే ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు చెప్పండి.