డాలస్ మేయర్ గారికి బహిరంగ లేఖ: కొత్త కన్వెన్షన్ సెంటర్‌కు వీధి వైపు తలుపులు ఉండాలి

డాలస్ నగర మేయర్ గారికి, కౌన్సిల్ సభ్యులకు నమస్కారం.

డౌన్‌టౌన్ దక్షిణపు అంచున ఉన్న కే బెయిలీ హచిసన్ కన్వెన్షన్ సెంటర్‌ను మళ్లీ కట్టడానికి, హోటల్ గదుల మీద పన్ను మరో 2 శాతం పెంచేందుకు 2022 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకున్నారు. కట్టడానికి నేనూ అనుకూలమే. ఎలా కడతారన్నదే నా టెన్షన్.

పాత భవనం లామార్ వీధి మీదుగా అడ్డంగా పరుచుకుంది. పక్కనే ఐ-30 హైవే. రెండూ కలిసి సీడర్స్ ప్రాంతాన్ని డౌన్‌టౌన్ నుంచి విడగొట్టాయి. సభలున్న రోజు వేలమంది వస్తారు. లేని రోజు పొడుగాటి గోడలు, లారీలు సరుకు దించే చోట్లు, పార్కింగ్, అంతే. అలాంటి గోడ పక్కన కాఫీ కొట్టు పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

ఫిలడెల్ఫియాను చూడండి. 2023 జులైలో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు జరిగిన పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్ 1993లో మొదలైంది. 1893 నాటి రీడింగ్ రైల్వే షెడ్డును కూల్చకుండా పెద్ద హాలుగా మార్చుకున్నారు. కింద ఉన్న పాత మార్కెట్‌ను అలాగే నడవనిచ్చారు. అందుకే సభలున్నా లేకున్నా చేపలు, కూరగాయలు, రొట్టెలు కొనే ఊరివాళ్లు అక్కడికి వస్తూనే ఉంటారు. (2011 నాటి విస్తరణ కోసం మాత్రం అక్కడా పాత భవనాలు కూల్చారు. అది తప్పే.)

లామార్ వీధిలో మనుషులు వెలుతురులో హాయిగా నడిచి వెళ్లేలా చేయండి. కింది అంతస్తులో చిన్న వ్యాపారులు భరించగల అద్దెకు దుకాణాలివ్వండి. డ్రాయింగులు ఖరారయ్యేలోపే సీడర్స్ వాసులను పిలిచి చూపించండి.

ఇట్లు,
డాలస్‌లో ఉంటున్న ఒక తెలుగువాడు