ఇటుక బట్టీ కుటుంబాల సాయం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అందరికీ నమస్కారం. మన మండలంలోని ఒక ఇటుక బట్టీ నుంచి మార్చిలో బయటపడ్డ నాలుగు ఒడిశా కుటుంబాల కోసం వసూలు చేసిన డబ్బు లెక్క ఇది. పెద్దలు 11 మంది, పిల్లలు ఐదుగురు.

జమ: 61 మంది చందాలు 48,350, ఆటో యూనియన్ 5,000, నిరుటి వరద సాయంలో మిగిలినవి 6,120. మొత్తం 59,470 రూపాయలు.

ఖర్చుల్లో ముందు ఒక సున్నా గురించి చెప్పాలి. పనికి ముందు ఈ కుటుంబాలకు ఇచ్చిన అడ్వాన్స్ బాకీ ఉందని బట్టీ యజమాని (సేటు) లెక్క. "సేటుకు అడ్వాన్స్ కట్టేస్తే గొడవ వదులుతుంది కదా" అని చాలామంది అడిగారు. కొందరు అందుకేనని చెప్పి మరీ చందా ఇచ్చారు. ఆ పద్దు కింద ఒక్క రూపాయి కూడా కట్టలేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి బాకీ రద్దయినట్టే. రద్దయిన బాకీ కింద డబ్బు పుచ్చుకుంటే మూడేళ్ల దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే.

ఆ బాకీ ఎలా పెరిగిందో బట్టీ పద్దుల పుస్తకం చూస్తే తెలిసింది. ఒడిశాలోని బలంగీర్ జిల్లాలో సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) చేతుల మీదుగా నవంబరులో ఒక కుటుంబానికి ఇచ్చింది 40,000. మార్చికి 46,300! వారం వారం ఇచ్చిన బియ్యం డబ్బులు రాశారు, జ్వరం మాత్రలు రాశారు, వాన పడి పని ఆగిన రోజులూ రాశారు. కోసిన ఇటుకల లెక్క మాత్రం లేదు, అది సీజన్ చివర్లో చూస్తారట. ఆ ఇంటి ఎనిమిదేళ్ల పాప తెల్లవారుజామున లేచి పచ్చి ఇటుకలు తిప్పేది. పిల్లల బరువుకు ఇటుక నలగదని ఆ పని వాళ్లకే అప్పజెబుతారు.

అన్నిటికంటే ఎక్కువ అయింది తిండికి. కమ్యూనిటీ హాల్లో 9 రోజులకు 21,460. మూడు రోజులే అనుకున్నాం, వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులిచ్చే విడుదల పత్రాల మీద సంతకాల కోసం ఆఫీసు చుట్టూ తిరగడంలో ఇంకో ఆరు రోజులు పోయాయి. పత్రం లేకుండా పంపేస్తే, కేంద్ర పథకం కింద ఒక్కొక్కరికి 30,000 వరకు రావాల్సిన తక్షణ సాయం అడగడానికి ఆధారమే ఉండదు. అందుకే ఆపాం. ఇది కమిటీలో అందరికీ నచ్చిన నిర్ణయం కాదు.

బలంగీర్ జిల్లా కాంటాబంజి వరకు రైలు టికెట్లు 7,840. వాహనాలకు 5,900. ఇందులో రాత్రికి రాత్రి పిలిపించిన డీసీఎం వ్యానుకు ఇచ్చిన 1,800కి రసీదు లేదు, కోశాధికారి సంతకమే ఆధారం. మందులు 4,275. ఒడియాలో మాట్లాడిపెట్టిన మేస్త్రీ గారు తన పని మానుకుని వచ్చి కూడా డబ్బులు వద్దన్నారు. బస్సు, భోజనం ఖర్చులు 2,600 బలవంతాన చేతిలో పెట్టాం. జిరాక్సులు, ఫోటోలు 1,385. కుటుంబానికి 1,500 చొప్పున దారి ఖర్చులకు 6,000.

మొత్తం ఖర్చు 49,460. నిల్వ 10,010.

కేసు విచారణకొస్తే సాక్ష్యం చెప్పడానికి వాళ్లు మళ్లీ ఇంత దూరం రావాలి. నిల్వ ఆ టికెట్లకు ఉంచాం. అడ్వాన్స్ కోసమని ఇచ్చినవాళ్లు అడిగితే వాళ్ల చందా తిరిగిచ్చేస్తాం. ఇప్పటికి ఇద్దరు అడిగారు, పుస్తకం చూపించాక ఒకరు వద్దులెమ్మన్నారు, రెండోవారు ఆలోచించి చెబుతానన్నారు. రసీదుల ఫైలు కోశాధికారి ఇంట్లో ఉంది, సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

కమిటీ తరఫున,
కార్యదర్శి