బెదురు కుక్కపిల్లను కొట్టి కాపలాకు పెట్టొద్దు

సంపాదకులకు నమస్కారం.

మన గోదావరి డెల్టాలో చేపల చెరువు గట్ల మీద, రొయ్యల చెరువుల మకాముల దగ్గర, కొబ్బరితోటల్లో కాపలా కోసం కుక్కపిల్లల్ని తెచ్చి కట్టడం మామూలే. వాటిలో కొన్ని బెదురువి. మనిషి అలికిడికే మంచం కిందకు దూరతాయి, మోటారు సైకిలు చప్పుడుకు నిలబడ్డచోటే తడిపేస్తాయి. అలాంటి పిల్లకు ఊళ్లో చెప్పే వైద్యం ఒకటే. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల పక్కన పొట్టి గొలుసుతో కట్టేస్తే నాలుగు రోజులు అరిచి అదే అలవాటు పడుతుందని, పడకపోతే రెండు తగిలించాలని అంటారు. ఇది తప్పని, దీనివల్ల కుక్కకే కాదు మనుషులకూ ప్రమాదమని, దీనికి బదులు ‘క్లిక్కర్’ అనే చిన్న పరికరంతో, తాయిలంతో బెదురు మాన్పవచ్చని మీ పత్రిక ద్వారా పాఠకులకు చెప్పాలనుకుంటున్నాను.

భయపడ్డ కుక్క పారిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. గొలుసు వేస్తే పారిపోయే దారి పోయింది. బిగుసుకుపోయి పడుకుంటే దారికొచ్చిందని మనం అనుకుంటాం. గుర్రుమన్నప్పుడల్లా కొడితే గుర్రుమనడం మానేస్తుంది గానీ లోపలి భయం పోదు. హెచ్చరిక లేకుండా కరిచే కుక్క ఇలాగే తయారవుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కుక్కను కొట్టడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను బయట తిప్పకపోవడం నేరాలు. ఈ సంగతి కుక్కను పెంచేవాళ్లలో చాలామందికి తెలియదు.

బెదురు ఎక్కడ నుంచి వస్తుందో ముందు తెలియాలి. పుట్టిన 3 వారాల నుంచి 12, 14 వారాల దాకా కుక్కపిల్ల చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దానికి మామూలైపోతాయి. ఆ రోజుల్లో గట్టు మీద మేతగాణ్ని తప్ప ఎవర్నీ చూడని పిల్లకు ఆరో నెల వచ్చేసరికి కొత్త మనిషల్లా శత్రువే. 6 నుంచి 14 నెలల మధ్య, అంతవరకు ధైర్యంగా ఉన్న కుక్క కూడా కొన్నాళ్లు బెదరడం ఉంటుంది. అయితే నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి మూలకు చేరిందంటే శిక్షణ జోలికి వెళ్లకముందే పశువైద్యుడికి చూపించాలి. వానాకాలంలో చెవిలో చీము, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, కాలి నొప్పి కూడా అచ్చం బెదురులాగే కనిపిస్తాయి.

ఇక క్లిక్కర్ సంగతి. అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల ఉక్కు రేకు. బొటనవేలితో నొక్కితే ‘టిక్’ మంటుంది. ఆ చప్పుడులో మహిమేమీ లేదు. పాల తపేలా చప్పుడు వినగానే గేదె చేపుతుంది కదా, ఇదీ అంతే. టిక్ తర్వాత తప్పకుండా తాయిలం వస్తుందని తెలిశాక, ఏ పని చేసిన క్షణంలో టిక్ వినబడిందో ఆ పనిని కుక్క మళ్లీ చేస్తుంది. అమెరికాలో 1940ల్లోనే మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మారియన్ బ్రెలాండ్ దంపతులు జంతువులకు ఈ పద్ధతిలో నేర్పారు. డాల్ఫిన్లకు ఈలతో నేర్పేదీ ఈ సూత్రం మీదే. నోటిమాట కంటే ఇది ఎందుకు మేలంటే, మన గొంతులో విసుగు, కోపం తెలిసిపోతాయి. టిక్ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. బెదురు కుక్కకు ఆ తేడా చాలా పెద్దది.

కానీ మరీ బెదురు పిల్లకు క్లిక్కర్ చప్పుడే భయం కావచ్చు. అప్పుడు దాన్ని తువ్వాలులో చుట్టి జేబులో పెట్టి నొక్కండి. అదీ ఎక్కువైతే మీట నొక్కే బాల్‌పెన్ను చాలు. నాలుకతో ‘టక్’ అనిపించినా సరిపోతుంది. ఏదైనా ఒక్కటే ఎంచుకుని దానికే కట్టుబడండి. చెవి దగ్గర మాత్రం ఎప్పుడూ నొక్కకండి.

తాయిలం ముక్క శనగగింజకు మించకూడదు, నమలకుండా మింగేయాలి. ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడి కార్జం, చికెన్, కోడిగుడ్డు తెల్లసొన బాగుంటాయి. 50 గ్రాముల చికెన్ తరిగితే ఒక రోజుకు సరిపడా ముక్కలు వస్తాయి. ఎండు మెత్తళ్ల వాసనకు ప్రాణం పెడతాయి గానీ వాటిలో ఉప్పు ఎక్కువ. రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి, తలలు తీసి తుంచి వాడాలి. పూతరేకులు, కాజాలు ఇంట్లో ఉన్నాయి కదా అని పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. తాయిలాలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకుండా చూసి, ఆ మేరకు అన్నం తగ్గించండి. ఎండాకాలం పొద్దున ఉడికించింది మధ్యాహ్నానికి పారేయాల్సిందే.

మొదటి రోజు చేయాల్సింది ఒక్కటే. కుక్కకు అలవాటైన చోట, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పక్కకు తిరిగి కూర్చోండి. టిక్, వెంటనే ఒక ముక్క నేల మీద. 15, 20 సార్లు చేసి ఆపేయండి. టిక్ అయ్యేదాకా తాయిలం చెయ్యి కదలకూడదు. కదిలితే అది చేతినే చూస్తుంది, చప్పుడును పట్టించుకోదు. రెండు మూడు రోజులకు అది వేరే వైపు చూస్తున్నప్పుడు టిక్ మనిపించండి. చటుక్కున తల తిప్పితే విషయం దానికి తెలిసిందన్నమాట.

తర్వాత నేర్పాల్సింది అరచేతిని ముక్కుతో తాకడం. మనిషి చేతిని చూసి జడిసే కుక్కకు ఇంతకంటే మంచి తొలిపాఠం లేదు. అరచేతిని దాని మూతికి జానెడు దూరంలో, కాస్త పక్కగా, కిందగా చాపండి. పైనుంచి తల మీదకు చాపితే కొట్టబోతున్నారనుకుంటుంది. చేతివైపు చూస్తే టిక్, ముక్క. మెడ చాస్తే టిక్. అడుగు వేస్తే టిక్. తాకితే టిక్, మూడు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి. పదింటిలో ఎనిమిదిసార్లు తాకేదాకా దూరం పెంచొద్దు. వరసగా రెండుసార్లు తప్పిందంటే మనం తొందరపడ్డామనే అర్థం, ఒక మెట్టు దిగండి. ఒక విడత 2, 3 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు విడతలు. ఇంకా కావాలని చూస్తుండగానే ఆపేయాలి. ఇది కుదిరాక అరచెయ్యి చూపి ఎక్కడికైనా పిలవొచ్చు: గట్టు మీంచి పక్కకు, ఆటో ఎక్కడానికి, డాక్టరు బల్ల దగ్గరకు.

కొత్త మనుషుల విషయంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. వచ్చినాయన చేతికి చికెన్ ముక్క ఇచ్చి, మీరు పెట్టండి, మచ్చికవుతుందంటారు. తిండి ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. ముక్క అందుకున్నాక తలెత్తి చూస్తే మనిషి మరీ దగ్గర. కాటు పడేది అక్కడే. వచ్చినవాళ్లను దూరంగా, పక్కకు తిరిగి కూర్చోమనండి. కళ్లలోకి చూడొద్దు, పిలవొద్దు. కుక్క ఒక అడుగు ముందుకేస్తే ఆయన ముక్కను దాని వెనక్కి విసరాలి. అది వెనక్కి వెళ్లి తిని, తనంతట తాను మళ్లీ వస్తుంది. వెళ్లిపోయే వీలుందని తెలిస్తేనే దగ్గరకు రావడం మొదలుపెడుతుంది.

ఎంత దూరం సరిపోతుందో కుక్కే చెబుతుంది. ఆవలించడం, మూతి నాక్కోవడం, కనుగుడ్ల తెలుపు కనిపించేలా ఓరగా చూడటం, ముందుకాలు ఎత్తిపట్టి ఆగిపోవడం, ఇవి ఇక చాలనే గుర్తులు. ఎంతో ఇష్టమైన ముక్కను కూడా ముట్టలేదంటే మనం అప్పటికే హద్దు దాటాం. అక్కడ నేర్పడం ఆపి 20, 30 అడుగులు వెనక్కి తీసుకుపోవాలి. మర్నాడంతా కొత్త చోట్లకు తిప్పకుండా వదిలేయండి, పెద్ద భయం దిగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాలువ గట్టు మీదకు తీసుకెళ్లేటప్పుడు మెడ బిగుసుకునే గొలుసు వద్దు, ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, 10 అడుగుల నూలు తాడు వాడండి. బెదిరిన కుక్క వెనక్కి లాగి మెడపట్టీలోంచి తల తప్పించుకుంటుంది. అవతల లారీల రోడ్డో, నిండు కాలువో ఉంటుంది.

చప్పుళ్లకు ఇంకో పద్ధతి. చెరువుల మీద పిట్టల్ని తోలడానికి కాల్చే టపాకాయలు, ఏరేటర్లు, వరికోత మిషన్లు, సంక్రాంతి మైకులు, వీటి చప్పుడు ఫోనులో పట్టి, కుక్క చెవి మాత్రమే కదిలేంత సన్నగా వినిపించండి. చప్పుడు ముందు, ముక్క తర్వాత. చప్పుడు ఆగగానే ముక్కలూ ఆగాలి. ఈ వరస తిరగబడితే మొత్తం చెడుతుంది: ముందు తిండి చూపించి తర్వాత చప్పుడు చేస్తే, తిండి కనిపిస్తే చాలు ఏదో పేలబోతుందని నేర్చుకుని తాయిలానికే దూరం జరుగుతుంది. రోజుకు పది సార్లు, రెండు మూడు రోజులకోసారి ఒక గీత మాత్రమే పెంచుతూ వెళ్లాలి. దీపావళికి సిద్ధం కావాలంటే శ్రావణంలో, సంక్రాంతికైతే కార్తీకంలో మొదలుపెట్టాలి. భోగి ముందు రోజు మొదలుపెడితే పని జరగదు. ఆ రాత్రికి దాన్ని లోపలి గదిలో ఉంచి ఫాన్ వేసి, తోడు కూర్చోవడమే మార్గం.

భయపడేటప్పుడు తిండి పెడితే, ఒళ్లు నిమిరితే భయం ఇంకా పెరుగుతుందని చాలామంది నమ్మకం. అది సరికాదు. భయం కుక్క కావాలని చేసే పని కాదు, బహుమతి కోసం దాన్ని పెంచుకోదు. దగ్గరకొస్తే నిమరండి, రాకపోతే వెంటపడొద్దు. క్లిక్కర్ విషయంలో మిగిలిన తప్పులు ఇవి. కుక్కను పిలవడానికి టిక్ మనిపించడం, ఒకే పనికి మూడుసార్లు నొక్కడం, పని అయిపోయాక ఆలస్యంగా నొక్కడం, పొరపాటున నొక్కి తాయిలం ఎగ్గొట్టడం. నొక్కితే పెట్టాల్సిందే, తప్పు మనదైనా సరే.

చివరగా పశుసంవర్ధక శాఖకు ఒక విన్నపం. ఏటా జులై 6న, సెప్టెంబరు 28న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఆ రోజు బెదురు కుక్కలు అరుస్తున్న మిగతా కుక్కల మధ్య వరసలో నిలబడి, నలుగురు అదిమిపట్టగా సూది వేయించుకుంటున్నాయి. మరుసటి ఏడు అవి ఆసుపత్రి గుమ్మం ఎక్కవు, యజమానీ టీకా మానేస్తాడు. చివరి గంటను బెదురు కుక్కలకు కేటాయించి, వాటిని లోపలికి పిలిచేదాకా ఆవరణ బయటే ఉండనివ్వండి. సూది వేసేటప్పుడు యజమాని చేతిలోని ముక్కలు నాకనివ్వండి. వరసలో ఉన్నవాళ్లకు అరచెయ్యి తాకించడం ఎలాగో గ్రామ పశుసంవర్ధక సహాయకులు పది నిమిషాలు చేసి చూపిస్తే చాలు. దానికి కావాల్సింది ఒక బాల్‌పెన్ను, ఉడికించిన గుడ్డు.

ఇట్లు,
ఓ పాఠకుడు,
పాలకొల్లు